పాత యంత్రం మీద కొత్త ప్రోగ్రామ్: పీవీ జీవితం నేర్పే పాఠం

కొత్త సాఫ్ట్‌వేర్ రాయడం చాలామందికి వచ్చు. అదే సాఫ్ట్‌వేర్ పదేళ్ల కిందటి సిస్టమ్ మీద కూడా ఆగకుండా నడిచేలా తయారుచేయడం కొందరికే వస్తుంది. ఈ రెండో పనికి కంపెనీల్లో విలువ ఎక్కువ. దీన్ని అర్థం చేసుకోవడానికి మన ప్రాంతం నుంచే ఒక జీవితం ఉంది. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగి, అరవై దాటాక కోబాల్, బేసిక్, యూనిక్స్ నేర్చుకుని, ఆ తర్వాత దేశ ప్రధాని అయిన పాములపర్తి వేంకట నరసింహారావు జీవితం అది. కొత్తదాన్ని పాత వ్యవస్థ మీద నడిపించే పనిలో ఆయన ఒకసారి దెబ్బతిన్నారు, మరోసారి నెగ్గారు. ఆ రెండిటి మధ్య తేడా ఏమిటో ఉద్యోగాల వేటలో ఉన్న ప్రతి విద్యార్థీ తెలుసుకోవాలి.

వంగర నుంచి చాందా దాకా

పీవీ 1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, అమ్మమ్మగారి ఊళ్లో పుట్టారు. మూడేళ్ల వయసులో బంధువులైన రంగారావు, రుక్మిణమ్మ దంపతులు దత్తత తీసుకోవడంతో వంగర చేరారు. భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊరు అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. పక్కనే ఉన్న కట్కూరులో మొదటి చదువు, ఆ తర్వాత హనుమకొండలో హైస్కూలు. నిజాం రాజ్యంలో పై చదువులు ఉర్దూలోనే సాగేవి. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఒకే విషయాన్ని రెండు భాషల్లో ఆలోచించే అలవాటు ఆయనకు అక్కడే పడింది.

1938లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. అందులో పాల్గొన్న విద్యార్థులకు నిజాం ఏలుబడిలో చదువు దారులు మూసుకుపోయాయి. పీవీ కూడా రాజ్యం దాటి మరాఠీ గడ్డకు వెళ్లి చదువు కొనసాగించారు. నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఆ రోజుల్లో పట్టుబడిన మరాఠీ చివరిదాకా ఆయన వెంట ఉంది. తర్వాత హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ లాయర్‌గా చేరారు.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవాలన్న పోరాటం ముదిరినప్పుడు, 1947-48లో, ఆయన చాందా శిబిరం నుంచి పనిచేశారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. ఆదిలాబాద్ జిల్లా సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్ర పట్టణం. తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి కలగలిసి వినిపించే ఆ సరిహద్దులో ఒక్క భాషతో పని నడవదు. ఎదుటివారికి ఏది అర్థమవుతుందో అదే మాట్లాడాలి.

అదే కాలంలో బంధువు పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపారు. జయ, విజయ అనే కలం పేర్లతో ఇద్దరూ రాసేవారు. పీవీ రాసిన గొల్లరామవ్వ కథ ఆనాటిదే. తర్వాతి కాలంలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చారు. అనువాదం చేసేవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. మూలంలో ఉన్న ప్రతి మాటకూ అవతలి భాషలో సమానమైన మాట ఉండదు. లేనిచోట ఏంచేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే సమస్య వస్తుంది. దాని సంగతి ముందు చూద్దాం.

1972లో కొత్త చట్టం, పాత వ్యవస్థ

1957 నుంచి వరుసగా 4 సార్లు పీవీ మంథని ఎమ్మెల్యేగా గెలిచారు. 1962లో మంత్రి అయ్యారు. న్యాయం, దేవాదాయం, వైద్యం, విద్య లాంటి శాఖలు చూశారు. 1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. ఇవాళ తెలంగాణలో గురుకులాల్లో చదివి ఇంజినీరింగ్ దాకా వచ్చిన వాళ్లందరికీ అదే మొదటి మెట్టు.

ముఖ్యమంత్రిగా ఆయన చేతిలోకి తీసుకున్న పెద్ద పని భూసంస్కరణలు. భూమిపై గరిష్ఠ పరిమితి విధించి, మిగులు భూమిని పేదలకు పంచాలన్నది ఉద్దేశం. చట్టం వచ్చేలోపు భూములు చేతులు మారకుండా బదిలీలను ఆపుతూ 1972లో ఆర్డినెన్స్ తెచ్చారు. అదే ఏడాది బిల్లు అసెంబ్లీ దాటింది. ఆయన సొంత కుటుంబమూ పెద్ద భూస్వామ్య కుటుంబమే. తన భూమిని కూడా చట్టం పరిధిలోకి తెచ్చారు.

ఉద్దేశం మంచిదే, రాత కూడా గట్టిదే. కానీ అది నడవాల్సిన వ్యవస్థ ఎలా ఉంది? అధికార పార్టీలో, అసెంబ్లీలో, జిల్లా రాజకీయాల్లో అధిక భాగం భూమి ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉంది. చట్టం ఎవరి మీద పనిచేయాలో వాళ్ల మద్దతుతోనే అది అమలు కావాలి. ఇంతలో 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పీవీ ఆ తీర్పును స్వాగతించారు. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. భూసంస్కరణలంటే గిట్టనివాళ్లకు అది కలిసొచ్చింది. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది, రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, కొత్త ప్రోగ్రామ్‌ను పాత సిస్టమ్ మీద వేసి నొక్కగానే సిస్టమ్ మొత్తం ఆగిపోయింది. ప్రోగ్రామ్‌లో తప్పు వెతికితే పెద్దగా దొరకదు. అది ఏ సిస్టమ్ మీద నడవాలో, ఆ సిస్టమ్‌కు ఏంచేత అవుతుందో ముందు లెక్కేసుకోకపోవడమే లోపం.

64 ఏళ్ల వయసులో కంప్యూటర్ ముందు

ఆ తర్వాత పీవీ ఢిల్లీ రాజకీయాల్లోకి వెళ్లారు. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1980 నుంచి విదేశాంగ శాఖ, ఆ తర్వాత హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూశారు. 1984లో హనుమకొండలో ఓడిపోయినా మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచారు. కుర్రతనంలో నేర్చిన మరాఠీ అలా అక్కరకొచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం, నవోదయ విద్యాలయాలు ఆయన మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడే వచ్చాయి.

రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యాక దేశంలో కంప్యూటర్ మాట ఎక్కువగా వినపడసాగింది. కంప్యూటర్ల దిగుమతిని తేలిక చేస్తూ 1984 నవంబరులోనే కొత్త విధానం వచ్చింది. పార్టీలోని పాతతరం నాయకులకు ఇదంతా అర్థంకాదన్న అభిప్రాయం రాజీవ్ ఒక మిత్రుడి దగ్గర వ్యక్తం చేస్తుండగా పక్కనే ఉన్న పీవీ విన్నారని ఆయన జీవిత చరిత్రలో ఉంది. పీవీ కోపం తెచ్చుకోలేదు, వాదన పెట్టుకోలేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడి ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు. మొదట్లో ఒక టీచర్‌ను పెట్టుకున్నా, తర్వాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగానే నేర్చుకున్నారు. కొన్ని నెలల్లోనే చెయ్యి తిరిగింది. టైపింగ్ దగ్గర ఆగకుండా కోబాల్, బేసిక్ భాషల్లో ప్రోగ్రామ్‌లు రాయడం, యూనిక్స్ మీద పనిచేయడం దాకా వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 64, 65 ఏళ్లు. కేంద్రంలో మంత్రి.

మూడో ఏడాదిలో ఉన్న విద్యార్థి ఇప్పుడు కొత్త భాష నేర్చుకోవడానికి ఆలస్యమైపోయిందని దిగులుపడుతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ నేర్చుకున్న మూడిటిలో ఏముంది?

పీవీ నేర్చుకున్న వాటిని ఒకసారి విడదీసి చూద్దాం. అప్పట్లో ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో తీరు. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ ఇంకోదాని మీద నడిచేది కాదు. ఎందుకంటే మనం రాసే కోడ్ వేరు, యంత్రం నడిపే కోడ్ వేరు. మనం రాసింది సోర్స్ కోడ్. దాన్ని కంపైలర్ యంత్ర భాషలోకి మారిస్తే వచ్చేది బైనరీ. సోర్స్ మనిషి చదవడానికి, బైనరీ యంత్రం నడపడానికి.

కోబాల్ 1959-60లో పుట్టింది. వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద ఒకే వ్యాపార ప్రోగ్రామ్ నడవాలన్నదే దాని లక్ష్యాల్లో ఒకటి. 1964లో ఐబీఎం సిస్టమ్ 360 వచ్చింది. చిన్న మోడల్ నుంచి పెద్ద మోడల్‌కు మారినా అవే ప్రోగ్రామ్‌లు నడిచేలా దాన్ని రూపొందించారు. 1973లో యూనిక్స్‌ను సీ భాషలో తిరగరాశారు. దాంతో యూనిక్స్‌ను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి తీసుకెళ్లడం సులువైంది. అంటే పీవీ చేతికి వచ్చిన మూడిటిలో రెండు, కోబాల్, యూనిక్స్, ఒకే ప్రశ్నకు జవాబులు. యంత్రం మారినా పని ఆగకుండా ఎలా చూడాలి అన్నదే ఆ ప్రశ్న.

ఇవాళ ఆ ప్రశ్న ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర వస్తోంది. ఒక చిన్న ఉదాహరణ. ఉబుంటు 22.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో సీ భాషలో ఒక హలో వరల్డ్ ప్రోగ్రామ్ రాసి, మామూలుగా కంపైల్ చేయండి. ఆ బైనరీని ఉబుంటు 20.04 ఉన్న సిస్టమ్‌లోకి కాపీ చేసి నడపండి. నడవదు. గ్లిబ్‌సి 2.34 వెర్షన్ దొరకలేదని చెప్పి ఆగిపోతుంది. గ్లిబ్‌సి అంటే లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ వాడుకునే సీ లైబ్రరీ. బైనరీ తయారైనప్పుడు తనకు ఏ ఫంక్షన్ ఏ వెర్షన్ కావాలో లోపల రాసి పెట్టుకుంటుంది. పాత సిస్టమ్‌లో 2.31 మాత్రమే ఉంటుంది. అది లేని వెర్షన్‌ను ఎక్కడి నుంచి తెస్తుంది? అదే పాత సిస్టమ్‌లో కంపైల్ చేసిన బైనరీ మాత్రం కొత్తదానిలో హాయిగా నడుస్తుంది. ఎందుకంటే కొత్త లైబ్రరీ పాత వెర్షన్లను కూడా లోపల ఉంచుకుంటుంది.

దీన్నుంచి వచ్చే సూత్రం ఒక్కటే. మీ ప్రోగ్రామ్ నడవాల్సిన వాటిలో అన్నిటికంటే పాత సిస్టమ్ ఏదో తేల్చుకుని, బైనరీని దాని మీదే తయారుచేయాలి. పాత కంప్యూటర్ కొనక్కర్లేదు. డాకర్ కంటెయినర్‌లో పాత లినక్స్ పెట్టుకుంటే చాలు. పైథాన్ ప్యాకేజీలు తయారుచేసేవాళ్లు ఇదే చేస్తారు. మెనీలినక్స్ 2014 అనే వాళ్ల ప్రమాణం సెంటాస్ 7 ఆధారంగా, గ్లిబ్‌సి 2.17 మీద నిలబడింది.

1991లో అదే పని, వేరే పద్ధతి

1991 ఎన్నికల్లో పీవీ పోటీ చేయలేదు. రాజకీయాల నుంచి తప్పుకుని హైదరాబాద్ వెళ్లిపోవడానికి సిద్ధపడ్డారు, పుస్తకాలు కూడా సర్దేశారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు. సభలో పూర్తి మెజారిటీ లేదు. విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు మించి సరిపోని స్థితి. దేశం అప్పు తీర్చలేదన్న చెడ్డపేరు రాకుండా రిజర్వు బ్యాంకు బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిగా తెచ్చి, పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే పెట్టుకున్నారు. రూపాయి విలువను జులై 1న కొంత తగ్గించారు. మార్కెట్ ఎలా స్పందిస్తుందో చూసి జులై 3న ఇంకొంత తగ్గించారు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు కొత్త వెర్షన్‌ను ముందు కొద్దిమందికి ఇచ్చి, తర్వాత అందరికీ విడుదల చేయడం లాంటిదే ఇది.

అసలు పరీక్ష కొత్త పారిశ్రామిక విధానం దగ్గర వచ్చింది. 18 రకాల పరిశ్రమలు మినహా మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని, 34 ప్రాధాన్య రంగాల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి అనుమతి ఇస్తామని అందులో ఉంది. 40 ఏళ్లుగా నడిచిన పద్ధతికి ఇది పూర్తిగా కొత్త. ముసాయిదా చూసిన మంత్రివర్గ సహచరులు కొందరు ఉలిక్కిపడ్డారు. నెహ్రూ దారి వదిలేస్తున్నామా అన్నది వాళ్ల బెంగ. 1972 పీవీ అయితే ముందుకు తోసుకుపోయేవారేమో. 1991 పీవీ ఆ పని చేయలేదు. నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల విధానాలకు ఇది కొనసాగింపేనని వివరించే పీఠిక ఆ పత్రానికి చేరింది. లోపలి అంశాలు దాదాపు అలాగే ఉన్నాయి. ఈసారి అది ఆమోదం పొందింది. జులై 24న, బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజే, ఆ విధానమూ పార్లమెంటు ముందుకు వచ్చింది. అందరి కళ్లూ బడ్జెట్ మీద ఉండటంతో దాని మీద గొడవ తక్కువైంది.

లోపలి ఇంజిన్ కొత్తది, బయటి ఇంటర్‌ఫేస్ పాతది. పాత సిస్టమ్‌కు తెలిసిన భాషలోనే కొత్త ప్రోగ్రామ్ పలకరించింది, అందుకే సిస్టమ్ దాన్ని నడవనిచ్చింది. ఒక్కసారిగా మార్చితే ఆగిపోతాయనుకున్న వాటిని పీవీ ముట్టుకోలేదు. కార్మిక చట్టాలు అలాగే ఉన్నాయి, ప్రభుత్వ రంగ సంస్థలను గంపగుత్తగా అమ్మేయలేదు.

ఈ మార్పుల ఫలితం మన ఇళ్లదాకా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతుల లాభాలకు ఆదాయపు పన్ను రాయితీ 1991 బడ్జెట్‌లోనే వచ్చింది. 1994 టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వై2కే సమస్య ముందుకొచ్చింది. పాత కోబాల్ ప్రోగ్రామ్‌లలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు. 2000 వస్తే అది 1900లా కనిపిస్తుంది. అమెరికా బ్యాంకులు, బీమా కంపెనీలు ఆ ప్రోగ్రామ్‌లను పారేయలేదు, పారేయలేవు కూడా. వాటిని సరిచేసే మనుషులు కావాల్సి వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కిన తెలుగు యువత ఎందరో. పీవీ పదిహేనేళ్ల ముందు నేర్చుకున్న భాషే అది. తెలుగువాళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మొదటి పెద్ద అల కొత్త టెక్నాలజీ వల్లే వచ్చిందనుకుంటాం. అందులో పెద్ద వాటా పాత కోడ్‌ను కాపాడే పనిదే.

పొసగించుకోవడానికీ హద్దు ఉంటుంది

ఇంతవరకు వింటే పాతదాన్ని నొప్పించకుండా పోవడమే అన్నిటికీ మందు అనిపిస్తుంది. పీవీ జీవితమే అది నిజం కాదని చెబుతుంది. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కులను ఊచకోత కోసినప్పుడు ఆయన కేంద్ర హోంమంత్రి. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత ఆయన ప్రధానిగా ఉండగా జరిగింది. అందరితోనూ మాటలు నడుపుతూ, హామీలను నమ్ముతూ కూర్చున్నారన్న విమర్శ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. జేఎంఎం ఎంపీల ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు దోషిగా తేల్చింది, 2002లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. సొంత పార్టీయే ఆయన్ని పక్కన పెట్టింది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే లెక్క. పాత సిస్టమ్‌కు మద్దతు ఇస్తూ పోతే ఏదో ఒకచోట అది ప్రమాదం తెస్తుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. అంటే భద్రతా లోపాలు బయటపడినా మామూలు వినియోగదారులకు మరమ్మతులు రావు. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. గో భాషలో 1.20 తర్వాతి వెర్షన్లూ అంతే. ఏ గీత దగ్గర ఆగాలో ముందే నిర్ణయించి, వాడేవాళ్లకు ముందే చెప్పడం కూడా ఇంజినీర్ పనే. ఆ నిర్ణయం తీసుకోకుండా వాయిదా వేస్తే, చివరికి నిర్ణయం మన చేతుల్లో ఉండదు.

పీవీ 1998లో ది ఇన్‌సైడర్ నవల ప్రచురించారు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. 2024లో ఆయనకు మరణానంతరం భారతరత్న దక్కింది.

మీ ప్రాజెక్టులో ఇలా మొదలుపెట్టండి

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చదివే విద్యార్థులకు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. మన చుట్టూ పాత సిస్టమ్‌లు ఇంకా పనిచేస్తూనే కనిపిస్తాయి. జిరాక్స్ షాపులో, చిన్న ఆస్పత్రిలో, రైస్ మిల్లు ఆఫీసులో పాత విండోస్ ఉన్న కంప్యూటర్ మీదే రోజంతా పని నడుస్తుంది. యజమానికి అది పాతదని తెలుసు. పని ఆగనంత వరకు మార్చడు. మీరు రాసే సాఫ్ట్‌వేర్ రేపు అలాంటి చోటే నడవాల్సి రావచ్చు. ఈ కింది పనులు ఫైనలియర్ ప్రాజెక్టు నుంచే అలవాటు చేసుకోండి.

మొదట కనీస వెర్షన్ రాయండి: కోడ్ మొదలుపెట్టే ముందే, ఈ ప్రోగ్రామ్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ వెర్షన్ నుంచి నడవాలో ఒక వాక్యంలో రాసి ప్రాజెక్టు రీడ్‌మీలో పెట్టండి. ఆండ్రాయిడ్ యాప్ అయితే మిన్ ఎస్‌డీకే అంకె అదే. దాన్ని ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలగాలి.

జావా వాళ్లకు: జేడీకే 17తో మామూలుగా కంపైల్ చేసిన క్లాస్ ఫైల్ జావా 8 మీద నడవదు. సోర్స్, టార్గెట్ రెండిటినీ 8 అని పెడితే క్లాస్ ఫైల్ తెరుచుకుంటుంది గానీ, జావా 11లో వచ్చిన స్ట్రింగ్ ఈజ్‌బ్లాంక్ లాంటి మెథడ్ వాడి ఉంటే నడుస్తూ నడుస్తూ కూలిపోతుంది. దాని బదులు రిలీజ్ అనే ఆప్షన్‌లో 8 ఇవ్వండి. అప్పుడు ఆ తప్పును కంపైలరే ముందుగా పట్టేస్తుంది. తప్పు కస్టమర్ దగ్గర బయటపడటం కంటే మన దగ్గర బయటపడటం మేలు కదా.

సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్లకు: కంటెయినర్‌లో పాత లినక్స్ పెట్టి బైనరీ తయారుచేయండి. తయారైన బైనరీ ఏ గ్లిబ్‌సి వెర్షన్లు అడుగుతోందో ఆబ్జ్‌డంప్ టూల్‌తో చూడండి. విండోస్‌లో అయితే కొత్త ఫంక్షన్‌ను నేరుగా పిలవకుండా, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అది ఉందో లేదో గెట్ ప్రాక్ అడ్రస్‌తో అడగండి. లేకపోతే నడవాల్సిన రెండో దారి కూడా రాసిపెట్టండి. అనువాదకుడు సమానమైన మాట లేనిచోట చేసే పని ఇదే.

పాత సిస్టమ్ మీద నడిపి చూడండి: వర్చువల్ మెషీన్‌లో పాత వెర్షన్ వేసుకుని ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి చివరిదాకా నడపండి. కంపైల్ అయింది కాబట్టి నడుస్తుందని అనుకోవద్దు. భద్రతా మరమ్మతులు రాని సిస్టమ్‌ను నెట్‌కు కలపకుండా ఉంచండి.

ఇంటర్వ్యూలో చెప్పండి: ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు వాడిన టెక్నాలజీల పేర్లు చదివే వాళ్లే ఎక్కువ. మీ ప్రోగ్రామ్ ఏ పాత సిస్టమ్ మీద ఆగిపోయిందో, కారణం ఎలా కనిపెట్టారో, ఏం మార్చారో రెండు నిమిషాల్లో వివరించండి. పని చేసిన మనిషికీ, పేర్లు చదివిన మనిషికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

పాత భాషను చులకన చేయకండి: బ్యాంకుల్లో, బీమాలో, ప్రభుత్వ వ్యవస్థల్లో కోబాల్ ఇవాళ్టికీ నడుస్తోంది. యూనిక్స్ ఆలోచనలే లినక్స్ రూపంలో ప్రపంచ సర్వర్లను నడుపుతున్నాయి. కేంద్రమంత్రిగా ఉంటూ 64 ఏళ్ల వయసులో ఈ రెండిటి ముందు విద్యార్థిలా కూర్చున్న మనిషి వంగర బిడ్డ. 20 ఏళ్ల వయసులో ఉన్న మీకు తొందరేం లేదు. రోజుకో గంట పెట్టి, ఈ నెలలోనే మీ ప్రాజెక్టును ఒక పాత సిస్టమ్ మీద నడిపి చూడండి.